బోళ్లు, అంట్లు, బాసండ్లు

సందేహం: మాది గుంటూరు వైపు. పెళ్లయి హనుమకొండ వచ్చాను. మా అత్తమ్మ "బోళ్లు తోమినవా?" అని అడుగుతారు. మేం అంట్లు అంటాం. రెండూ ఒకటేనా? బోళ్లు అనే మాట ఇంగ్లిష్ 'బౌల్' నుంచి వచ్చిందని మా ఆయన అంటారు. నిజమేనా?

సమాధానం: ఒకటి కావు. అంట్లలో ఉన్నది 'అంటు'. మెతుకో జిడ్డో అంటుకుని ఉన్నంతసేపే అవి అంట్లు. తోమి బోర్లించాక వాటిని అలా ఎవరూ అనరు, గిన్నెలు అయిపోతాయి. బోళ్లు తోమకముందూ బోళ్లే, అల్మారాలోకి ఎక్కాకా బోళ్లే. అందుకే మీ అత్తమ్మ "బోళ్లు సదురు" అంటే పీచు వెతుక్కోకండి, కడిగినవాటిని సర్దమని.

ఇక మీ ఆయన మాట. కాలు–కాళ్లు, వేలు–వేళ్లు, బోలు–బోళ్లు అని చూపించి ఇది అచ్చతెలుగని తేల్చేయొచ్చు అనిపిస్తుంది. కానీ రైలు–రైళ్లు, హోటలు–హోటళ్లు కూడా అలాగే అయ్యాయి కదా! బహువచనం ఇక్కడ సాక్ష్యానికి పనికిరాదు. అర్థాన్నే చూడాలి. సూపు తాగే బౌల్ ఒక ఆకారం పేరు. బోళ్లలో గంజు (గిన్నె), తలె (పళ్లెం), గిలాస, చివరికి గంటె (గరిటె) కూడా కలిసిపోతాయి. అందులోంచి ఒక్కటే కావాలంటే "గంజు తే", "తలె తే" అని దాని పేరే చెప్తారు. మనకు 'బోలు' అంటే లోపల డొల్లగా ఉన్నదని అర్థం ఉండనే ఉంది, బోలు ఎముకలు అంటున్నామే, అదే. నేను అటే మొగ్గుతాను.

మీ ఆయనకు ఇంగ్లిష్ మాటే కావాలంటే గిలాసను చూపించండి. గ్లాసు, గిలాస ఒకటే మాట. ఒకటి నేరుగా తెలుగులోకి వచ్చింది, రెండోది ఉర్దూ నోట్లో 'ఇ'కారం తగిలించుకుని వచ్చింది. గిన్నెలనే బాసండ్లు అని కూడా అంటారు, అదీ అటు నుంచి వచ్చిందే. 'బాసన్'కు మన బహువచనం తగిలించుకున్నాం. పళ్లేన్ని రకాబి అంటారే, అదయితే ఫారసీ.

అబ్బాయి నోటుబుక్కులో 'పాత్రలు' అని రాస్తే దిద్దకండి, రాతకు అది సరైనదే. సంస్కృతంలో 'పా' అంటే తాగడం. తాగడానికి వాడేది పాత్ర. ఇప్పుడు పెనం కూడా వంటపాత్రే. వంటింట్లో మాత్రం "పాత్రలు తోము" అంటే నాటకం డైలాగులా ఉంటుంది.

మరొకటి, మీరు అడగకపోయినా. అత్తమ్మ "సత్తు గంజు" తెమ్మంటే అల్యూమినియం గిన్నె తీసుకెళ్లండి. మీ పుట్టింట్లో దాన్ని సిల్వర్ గిన్నె అని ఉంటారు. అందులో వెండి రవ్వంత కూడా లేదు.