వాక్యం వచ్చింది, పేరా రావడం లేదు

ప్రశ్న: మాది దివిసీమలో ఒక పల్లె. రాత్రి బడికి పన్నెండు మంది ఆడవాళ్లు వస్తున్నారు. చదువుతారు, విడి వాక్యాలు రాస్తారు. ఊరి చరిత్రతో పేరా రాయిద్దామని 1977 ఉప్పెన గురించి రాయమంటే రెండు వాక్యాలకే ఆగిపోతున్నారు. లేదా "మీరు చెప్పండమ్మా, రాస్తాం" అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఒక పేరాలో పట్టేంత చిన్నది కాదు ఉప్పెన. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకే వాళ్లు ఆగిపోతున్నారు. పేరా అంటే ఒక్క ప్రశ్నకు జవాబు అని చెప్పండి. "ఆ రాత్రి ఎక్కడ తలదాచుకున్నారు?", "ఉప్పునీళ్లు నిలిచిన చేలో మళ్లీ వరి ఎప్పుడు వేశారు?" లాంటివి నాలుగైదు బోర్డు మీద రాసి, ఎవరిది వాళ్లనే ఎంచుకోనివ్వండి. ఆ రాత్రి అయినవాళ్లను పోగొట్టుకున్న మనిషిని దాని గురించే రాయమని ఎప్పుడూ ఒత్తిడి చేయకండి. చెరువు గురించో, బడి గురించో రాసినా అది ఊరి చరిత్రే.

మొదటి రోజు పలక, పెన్సిలు తీయొద్దు. ఇద్దరిద్దరు కూచుని, ఒకరు చెబితే రెండోవారు "ఎవరు? ఎక్కడ? తర్వాత?" అని అడగాలి. పదిహేను నిమిషాలు చాలు. మర్నాడు వాళ్లు చెప్పిన మాటల్ని చెప్పినట్టే చీటీకొక వాక్యంగా ఏడెనిమిది రాయించండి. నేలమీద పరిచి వరస పెట్టిస్తే ఏది ముందో వాళ్లే తేలుస్తారు. ఎంచుకున్న ప్రశ్నకు జవాబు కాని చీటీని పారేయకుండా పక్కన పెట్టించండి, రెండో పేరాకు పనికొస్తుంది. మిగిలిన అయిదారు వాక్యాలే పేరా.

అసలు చిక్కు మన మాట తీరులో ఉంది. "గాలి పెరిగి, తలుపు ఊడి, పిల్లల్ని చంకనేసుకుని, బడికి పరిగెత్తి, మేడెక్కి కూచున్నాం" అని ఒక్క గుక్కలో చెప్పేస్తాం. వినడానికి బాగుంటుంది, రాసేవాళ్లకు మాత్రం మధ్యలో దారి తప్పుతుంది. ఆ వాక్యాన్ని గట్టిగా చదివించి, ఊపిరి తీసుకున్న చోటల్లా చుక్క పెట్టించండి: "గాలికి తలుపు ఊడింది. పిల్లల్ని చంకనేసుకుని బడికి పరిగెత్తాం. రాత్రంతా మేడ మీదే కూచున్నాం." అలాగే "వచ్చాడు, లేపాడు" అని రాస్తే ఆ వచ్చిందెవరో చదివేవాళ్లకు తెలియదు. మొదటిసారి మనిషిని చెప్పి తీరాలి.

"అట" అన్న మాటను కొట్టేయకండి. కళ్లారా చూసిందేదో, విన్నదేదో అదే చెబుతుంది. "నీళ్లు తాటిచెట్టంత లేచాయట" అని రాస్తే, ఎవరు చెప్పారో కూడా రాయించండి: "మా అత్త చెప్పింది."

తేదీని "ఉప్పెన వచ్చిన యేడు, కార్తీకంలో" అని రాస్తే దాని పక్కనే 1977 నవంబరు 19, శనివారం అని చేర్పించండి. అప్పటికి తమకెన్నేళ్లో లెక్క కట్టించండి. వయసు తేలితే, తమకు గుర్తున్నదేదో పెద్దలు చెప్పగా విన్నదేదో కూడా తేలుతుంది.

ఒత్తులు, దీర్ఘాలు చివర్న చూడండి, అదీ పేరాకు మూడు తప్పులకు మించకుండా. కాగితమంతా ఎర్రసిరా అయితే మర్నాడు బడికి రారు.

ప్రశ్న: మాది నల్గొండ వైపు. "పోయిండు, వచ్చిండు" అని రాస్తున్నారు. దిద్దాలా?

జవాబు: వద్దు. అది వాళ్ల భాష, తప్పు కాదు. ఒకే పేరాలో ఒక చోట "పోయిండు", ఇంకో చోట "వెళ్ళాడు" ఉంటే మాత్రం ఏదో ఒకటి ఉంచమనండి. బ్యాంకు అర్జీ రాసే రోజున ఆ అర్జీ భాషను విడిగా నేర్పండి.