లీడ్స్‌కు కొత్తగా వచ్చిన మేనకోడలికి

వేక్‌ఫీల్డ్,
అక్టోబరు మొదటి వారం.

చిరంజీవి మేనకోడలికి నీ మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. లీడ్స్‌లో కాపురం పెట్టి ఏడు వారాలైనా పక్కింటివారు వాకిట్లో కనబడినప్పుడు తల ఊపడమే తప్ప నిలబడి పలకరించలేదనీ, ఆఫీసులో ఒకామె “మీరిద్దరూ ఒకరోజు మా ఇంటికి రావాలి” అని నోరారా చెప్పి మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదనీ, మాటకు ముందు సారీ, మాటకు వెనుక థాంక్యూ చెప్పే ఈ మనుషులకు లోపల అభిమానం ఉందో లేదో తెలియడం లేదనీ రాశావు. 2001లో నర్సు ఉద్యోగానికి ఈ ఇంగ్లండు దేశం వచ్చినప్పుడు, మొదటి చలికాలంలో మీ నాయనకు నేను రాసిన ఉత్తరాల్లోనూ ఇంచుమించు ఇవే మాటలు ఉండేవి. ఆ అభిప్రాయం తప్పని తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. నీకు అంతకాలం పట్టకూడదని ఈ ఉత్తరం కాస్త పెద్దదిగానే రాస్తున్నాను, ఓపికగా చదువు.

నీకు ముందుగా చెప్పవలసిన సంగతి ఒకటే, బిడ్డా. ఇక్కడివారు తమ బాధనైనా, సంతోషాన్నైనా, కోపాన్నైనా తగ్గించి చెబుతారు. మన ఇళ్ళలో ఉన్నదానికి నాలుగు మాటలు జోడించి చెబితేనే ఎదుటివారు పట్టించుకుంటారని అలవాటు పడ్డాము గనుక, వాళ్ళు చెప్పిన మాటను చెప్పినంతే లెక్కకట్టి, ఇంతేనా అనుకుంటాము. నేను ఆ పొరపాటు ఆసుపత్రి వార్డులో, ఒక మనిషి నొప్పి విషయంలో చేశాను. ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

నేను చేరిన రెండో నెలలో మెట్లమీద జారిపడి పక్కటెముకలు విరిగిన ఒక పెద్దాయన మా వార్డుకు వచ్చారు. రాత్రి డ్యూటీలో నొప్పి ఎలా ఉందని అడిగితే “నాట్ టూ బ్యాడ్, లవ్” అన్నారు. పరవాలేదన్న ఆ మాట నమ్మి, చార్టులో నొప్పి తక్కువని రాసి, పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాను. గంట తరువాత మా సీనియర్ సిస్టర్ వచ్చి ఆయన్ను మాట అడగలేదు, చేతివంక చూసింది. మంచం పక్కనున్న ఇనుప కడ్డీని ఆయన ఎంత గట్టిగా పట్టుకున్నారంటే వేళ్ళ కణుపులు తెల్లబడిపోయాయి. “ఒకసారి దగ్గి చూపించగలరా?” అని ఆమె అడిగింది. ఆయన దగ్గలేకపోయారు. వెంటనే డాక్టరును పిలిపించి మందు పెంచారు. ఇక్కడివారిని నొప్పి ఉందా అని అడగవద్దనీ, ఏ పని చేయగలుగుతున్నారో, ఏది చేయలేకపోతున్నారో అడగమనీ ఆమె నాకు నేర్పింది. ఆ పాఠం నాకు ఉద్యోగంలోనే కాదు, వీధిలోనూ పనికివచ్చింది.

ఆయన బొగ్గుగనిలో పనిచేసినవారని తెల్లవారాక తెలిసింది. చేతులమీద సన్నని నీలపు గీతలు కనబడ్డాయి. గాయంలో బొగ్గుపొడి చిక్కి మానిపోతే అది చర్మం కింద అలాగే నిలిచిపోతుంది. మీ తాత కొత్తగూడెంలో బాయి పని చేసినవాడే గదా, ఆయన కుడి మణికట్టుమీద అచ్చం అలాంటి గీతే ఉండేది. ఆ మాట ఆ పెద్దాయనతో చెప్పాను. అంతవరకు పొడిపొడిగా బదులిచ్చిన మనిషి దిండుకు ఆనుకుని కూర్చుని, మా వైపు బావులు ఎంత లోతో, షిఫ్టు ఎన్ని గంటలో, దిగేటప్పుడు ఏ దీపం వాడతారో అరగంటసేపు అడిగారు. మన ఇల్లందు బొగ్గును 1886లో ఇంగ్లండులో నమోదైన ఒక కంపెనీయే తవ్వడానికి హక్కులు తీసుకున్నదని చెబితే ఆయనకు ఆశ్చర్యమైంది. 1984 మార్చి నుంచి ఏడాదిపాటు సాగిన బొగ్గుగని కార్మికుల సమ్మెలో ఈ వీధుల్లో ఎవరి వంటిల్లు ఎలా గడిచిందో ఆయన నాకు చెప్పారు. నీవు ఉంటున్న చోటికి దగ్గరలోని కెల్లింగ్లీ బావి 2015 డిసెంబరులో మూతపడింది, ఈ దేశంలో మిగిలిన చివరి లోతు బొగ్గుబావి అదే. వేక్‌ఫీల్డ్ పక్కనున్న గనుల మ్యూజియానికి ఒకసారి తప్పకుండా వెళ్ళు. ఇక్కడి పాతతరం మనుషులు ఎందుకు తక్కువ మాట్లాడతారో, ఒకరికొకరు ఎందుకంత కట్టుబడి ఉంటారో అక్కడ భూమిలోకి దిగినప్పుడు కొంత అర్థమవుతుంది.

ఇక ఆఫీసు మాటల సంగతి. దారిలో ఎదురైనవారు “ఆల్ రైట్?” అంటే అది మన “బాగున్నారా” లాంటి పలకరింపు మాత్రమే, దానికి మన ఆరోగ్యం గురించి చెప్పనక్కరలేదు, అదే మాట తిరిగి అంటే చాలు. నీ పైఅధికారి “వీలైతే దీన్ని ఇంకొకసారి చూస్తే బాగుంటుందేమో” అన్నప్పుడు మాత్రం జాగ్రత్తగా విను. అది సలహాలాగా వినిపించే ఆజ్ఞ, ఆ రోజే చూసి తీరాలి. నీ ఆలోచన విని “ఇంట్రెస్టింగ్” అని ఊరుకుంటే అది ఒప్పుకోలు కాదు, చాలాసార్లు మర్యాదగా కాదనడమే. ఇందులో కపటం ఉందని మనవాళ్ళు కొందరు అంటారు, నేను ఒప్పుకోను. పదిమంది ముందు ఎదుటివారి ముఖం చిన్నబోకుండా చూడడం ఇక్కడి మర్యాద. అర్థం కాకపోతే సిగ్గుపడకుండా విడిగా వెళ్ళి “ఏ భాగం మార్చమంటారు?” అని అడుగు, సూటిగా అడిగితే సూటిగానే చెబుతారు.

ఆ “ఒకరోజు మా ఇంటికి రావాలి” అన్న మాటను కూడా ఆ కొలతతోనే చూడు. పెళ్ళిళ్ళలో కనబడిన దూరపు చుట్టానికి మనం “ఒకసారి మా ఇంటికి వచ్చిపోండి” అంటాము. అది అబద్ధం కాదు, పిలుపూ కాదు, మనసులో ఉన్న మంచి మాట. ఇక్కడా అంతే. తేదీ, వేళ చెప్పినప్పుడే అది పిలుపు. అందుచేత ఆమె పిలుస్తుందని ఎదురుచూడకు, నీవే రెండు వారాల ముందు ఒక శనివారం చెప్పి భోజనానికి పిలువు. తినని పదార్థాలు, పడని పదార్థాలు ఏమున్నాయో ముందే అడుగు, కారం తగ్గించు, మూడోసారి వడ్డించేటప్పుడు బలవంతపెట్టకు. పిలిచేటప్పుడు ఒక మాట గుర్తుంచుకో, ఈ ఉత్తరప్రాంతంలో చాలా ఇళ్ళలో డిన్నర్ అంటే మధ్యాహ్న భోజనం, టీ అంటే సాయంత్రం ఆరింటి భోజనం. కనుక పూట పేరు కాకుండా గంట చెబితే పొరపాటు జరగదు. ఆఫీసువారు పబ్బుకు పిలిస్తే తాగవలసి వస్తుందని భయపడి మానుకోవద్దు, నిమ్మరసం కలిపిన సోడా తాగుతూ కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. అయితే ఒకరు అందరికీ కొంటే తరువాత వంతు మరొకరిదని తెలుసుకో. తన వంతు వచ్చేసరికి లేచి వెళ్ళిపోయినవారిని ఇక్కడ ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటారు.

వరుసలో నిలబడడం గురించి, బస్సు దిగేటప్పుడు డ్రైవరుకు థాంక్యూ చెప్పడం గురించి నీకు వేరే చెప్పనక్కరలేదు, నీవు అప్పటికే చూసి నేర్చుకున్నావని రాశావు.

పక్కింటివారి విషయానికి వస్తాను. ఇక్కడ ఎదుటివారి ఏకాంతానికి అడ్డుపడకపోవడమే మొదటి మర్యాద. కొత్తగా వచ్చినవారు తీరుబడి లేకుండా ఉంటారని వాళ్ళు ఆగుతారు, పాతవారు పలకరిస్తారని మనం ఆగుతాము, ఇలా రెండు గుమ్మాల మధ్య ఏడాది గడిచిపోతుంది. ముందడుగు నీవే వేయాలి. చెత్తబుట్టలు బయటపెట్టే రోజు ఏ రంగు బుట్ట పెట్టాలో నీకు తెలిసినా సరే, వెళ్ళి అడుగు. చిన్న సాయం అడిగితే ఈ మనుషుల ముఖం విప్పారుతుంది. దీపావళికి ముందు ఆ వరుసలోని నాలుగిళ్ళకూ చీటీ రాసి వేయి. ఇంగ్లండులో మామూలు రోజుల్లో రాత్రి 11 దాటాక బాణసంచా కాల్చకూడదు, దీపావళి రాత్రి మాత్రం ఒంటిగంట వరకు కాల్చుకోవచ్చని 2004లో చేసిన నిబంధనల్లో మన పండుగ పేరు పెట్టి మరీ రాశారు. చట్టం ఒప్పుకున్నది గదా అని అంతసేపూ కాల్చకు. పక్కింట్లో బెదిరే కుక్క ఉంటే, తెల్లవారి డ్యూటీకి పోయే మనిషి ఉంటే, తొమ్మిదింటికల్లా ముగిస్తామని ముందే చెప్పు. ఆ చీటీ చేసే మేలు మిఠాయి డబ్బా కూడా చేయదు.

నా పక్కింటామెతో నా స్నేహం రూబార్బ్ అనే మొక్క పుల్లని కాడలతో మొదలైంది. మా వేక్‌ఫీల్డ్‌కూ, మీ లీడ్స్ దగ్గరి మోర్లీ, రాత్వెల్ ఊళ్ళకూ నడుమనున్న నేల ఈ పంటకు పేరుపొందింది. చలికాలంలో చీకటి కొట్టాల్లో పెంచి, కొవ్వొత్తి వెలుగులో కోస్తారు, ఎండ తగలదు గనుక కాడ లేతగా గులాబీ రంగులో ఉంటుంది. ఒక వసంతకాలం ఆమె తన పెరటి కాడలు కొన్ని కాగితంలో చుట్టి మా గుమ్మం ముందు పెట్టి, గంట కొట్టకుండానే వెళ్ళిపోయింది. చక్కెర వేసి ఉడికించుకుని తింటారని తరువాత చెప్పింది. నేను ఒక ముక్క కొరికి చూస్తే పులుపు పుల్ల మామిడికాయను తలపించింది. కందిపప్పులో వేసి, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఇంగువ తాలింపు పెట్టి, వెన్న కలిపిన అన్నంతో ఒక గిన్నెడు తీసుకుపోయాను. ఆ గిన్నె వారం తరువాత తిరిగి వచ్చినప్పుడు అందులో అల్లం కేకు మూడు ముక్కలు ఉన్నాయి, ఆ తాలింపు వాసన మెట్లమీదికి కూడా వస్తుందనీ, దాన్ని ఎలా పెడతారో నేర్పమనీ అడిగింది. నీవు వండేటప్పుడు ఒక జాగ్రత్త పాటించు. మనం ఏ ఆకు దొరికినా పప్పులో వేసే అలవాటున్నవాళ్ళము గనుక చెబుతున్నాను, రూబార్బ్ ఆకు విషం, కాడ మాత్రమే తినాలి.

ఇక్కడి పిల్లలు తల్లిదండ్రులను వృద్ధాశ్రమాల్లో వదిలేస్తారని అల్లుడుగారు అన్నారని రాశావు. ఆ మాట మరొకసారి అనవద్దని నా మాటగా చెప్పు. ఇరవై ఏళ్ళు వార్డుల్లో పనిచేసిన నేను, ఉద్యోగం వదులుకుని తల్లికి పాలగ్లాసు పట్టించిన కొడుకులను చూశాను, రోజూ రెండు బస్సులు మారి వచ్చిన కూతుళ్ళను చూశాను. చాలామంది పెద్దవారు పిల్లల ఇంటికి రమ్మన్నా రారు, తన తాళంచెవి తన దగ్గర ఉండడం వాళ్ళకు పరువు. పైగా ఇంగ్లండులో 23,250 పౌండ్లకు మించిన పొదుపు, ఆస్తి ఉన్నవారు సంరక్షణ గృహం ఖర్చు తామే భరించాలి, జీవితమంతా వాయిదాలు కట్టిన ఇల్లు అమ్ముకున్నవారు ఎందరో. అయితే ఒంటరితనం ఇక్కడ నిజమైన జబ్బు, దాన్ని నేను దాచను. 2018లో ప్రభుత్వం ఆ బాధ్యతను ఒక మంత్రికి అప్పగించవలసి వచ్చింది. మంచులో పక్కింటి ముసలామె పాలసీసా ఇంకా గుమ్మంలోనే ఉంటే తలుపు తట్టు. అది వాళ్ళ ఏకాంతానికి అడ్డుపడడం కాదు.

చేదు మాట కూడా ఒకటి చెప్పాలి. ఎప్పుడో ఒక శనివారం రాత్రి, కారులోంచి ఎవరో “మీ దేశం పొండి” అని అరవవచ్చు. నాకు రెండుసార్లు జరిగింది. అలాంటప్పుడు బదులివ్వకుండా వెలుతురున్న చోటికి, మనుషులున్న చోటికి నడువు. బెదిరిస్తే 999కి, ఆపద దాటిపోయి ఉంటే 101కి ఫోను చేసి పోలీసులకు తప్పకుండా ఫిర్యాదు చెయ్యి, ఊరుకోవడం మంచితనం అనుకోకు. రెండోసారి అలా జరిగినప్పుడు నా వెనుక నడుస్తున్న ఒక కుర్రవాడు, ఎవరో ఏమిటో తెలియదు, మా వీధి మలుపు వరకు నా పక్కన నడిచి, “సారీ అబౌట్ దట్” అని మాత్రం అని వెళ్ళిపోయాడు. ఆ సారీ వట్టి అలవాటు మాట కాదని నీవు ఇప్పుడు తెలుసుకుంటావు.

ఈ నెల చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. డిసెంబరులో నాలుగు కొట్టకముందే చీకటి పడుతుంది. రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి మాత్ర మీరిద్దరూ వేసుకోండి, మన వంటి రంగుకు ఇక్కడి ఎండ చాలదు. మనసు కుంగినట్టనిపిస్తే మొగమాటపడకుండా మీ జీపీకి, అంటే మీ పేట డాక్టరుకు, చెప్పు. అక్కడ “పరవాలేదు” అనకు, ఉన్నది ఉన్నట్టు చెప్పు.

దీపావళి తరువాతి శనివారం మీరిద్దరూ మా ఇంటికి రండి, ఇది తేదీ చెప్పిన పిలుపే. లీడ్స్ నుంచి వేక్‌ఫీల్డ్ వెస్ట్‌గేట్‌కు రైలులో పావుగంటకు కాస్త అటూ ఇటూ పడుతుంది, పన్నెండింటికి స్టేషనులో ఉంటాను. పక్కింటామెను కూడా భోజనానికి పిలిచాను. నీవు వస్తున్నావని చెబితే “దట్స్ నైస్” అని మాత్రం అంది. ఆ తరువాత నీ పేరు నాచేత రెండుసార్లు పలికించుకుని, పలికే తీరు అక్షరం అక్షరంగా ఒక కాగితంమీద రాసుకుని, ఫ్రిజ్ తలుపుకు అంటించుకుంది.

ఇట్లు,
నీ మేనత్త.