రేడియో రీబూట్, లింకు వేగం తగ్గడం: రెండింటికీ ఒకే కారణం కావచ్చు

ఉప్పల్‌లోని మీ టవర్‌పై ఉన్న వైర్‌లెస్ ఇంటర్నెట్ రేడియో రద్దీ వేళల్లో రీబూట్ అవుతోందనీ, గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) లింకు 100 ఎంబీపీఎస్‌కు పడిపోతోందనీ, అడాప్టర్ మార్చినా ఫలితం లేదనీ రాశారు. ఈ రెండు లక్షణాలూ కలిసి రావడమే ముఖ్యమైన ఆధారమండీ. 24 వోల్టుల పాసివ్ పీఓఈలో, అంటే నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే విద్యుత్తు కూడా పంపే పద్ధతిలో, విద్యుత్తు సాధారణంగా కేబుల్‌లోని నాలుగు తీగల జతల్లో నీలం, గోధుమ రంగు జతల మీదుగా వెళ్తుంది. 100 ఎంబీపీఎస్‌కు ఆ జతలు అక్కర్లేదు గానీ గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. వాటిలో ఒక్క తీగ తెగినా గిగాబిట్ నిలవదు, మిగిలిన తీగపై భారం పెరిగి, రేడియో ఎక్కువ కరెంటు లాగినప్పుడు వోల్టేజీ పడిపోయి అది రీబూట్ అవుతుంది. వాన నీరు చేరే పై కనెక్టరునే నేను ముందుగా అనుమానిస్తాను. సరఫరా ఆపి, టవర్ తడిగా లేనప్పుడే మనిషిని ఎక్కించి, కేబుల్ రెండు చివరలా కొత్త కనెక్టర్లు క్రింప్ చేయించండి (పనిముట్టుతో నొక్కి బిగించడం). కేబుల్ రాగి పూత పూసిన అల్యూమినియందైతే, దాని నిరోధం ఎక్కువ కనుక, పూర్తిగా మార్చడమే మేలు.