తొంభై రోజుల అమ్మమ్మ

మీ భర్తకు టోక్యోలో ఉద్యోగం వచ్చిందనీ, పాపకు ఎనిమిది నెలలనీ రాశారు. పిల్లలు కావాలని జపాన్ ప్రభుత్వం అంత డబ్బు ఇస్తున్నప్పుడు అక్కడ పిల్లల పెంపకం తేలికే కదా అనీ, అంత ఇస్తున్నా జనాభా ఎందుకు తగ్గిపోతోందనీ అడిగారు. నేను 2015 నుంచి టోక్యో తూర్పు వైపున ఉన్న నిషికసాయిలో ఉంటున్నాను. 2018 మే నెలలో మా పాప ఇక్కడే పుట్టింది, ఇక్కడే బడికి వెళుతోంది. ప్రభుత్వం డబ్బు ఇస్తున్న మాట నిజమే. కానీ తక్కువైనది డబ్బు కాదని పాపను పెంచిన ఈ ఏళ్లలో నాకు గట్టిగా అర్థమైంది.

ముందుగా ఇచ్చేదేమిటో చెబుతాను. కాన్పు ఖర్చుకు ఇచ్చే మొత్తాన్ని 2023 ఏప్రిల్‌లో 4,20,000 యెన్‌ల నుంచి 5,00,000 యెన్‌లకు పెంచారు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు శిశు సంరక్షణ కేంద్రాల రుసుము 2019 అక్టోబరు నుంచి లేదు. ఈ కేంద్రాలను ఇక్కడ హోయికుయెన్ అంటారు. 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పని లేకుండా ప్రతి బిడ్డకూ నెలనెలా భత్యం ఇస్తున్నారు. మూడేళ్లలోపు 15,000 యెన్‌లు, ఆ తర్వాత హైస్కూలు వయసు దాటేదాకా 10,000 యెన్‌లు, మూడో బిడ్డ అయితే 30,000 యెన్‌లు మన ఖాతాలో పడతాయి. విదేశీయులమైనా ఇక్కడ నివాసం ఉన్నవారికి ఇందులో తేడా చూపరు, అందుకు నేను కృతజ్ఞురాలిని.

అయినా 2024లో జపనీయులకు పుట్టిన పిల్లలు సుమారు 6,86,000 మంది మాత్రమే. 1973లో ఒక్క ఏడాదిలోనే 20 లక్షల మందికి పైగా పుట్టిన దేశం ఇది. అదే 2024లో చనిపోయినవారు 16 లక్షల మంది. అంటే తొమ్మిది లక్షలకు పైగా జనం ఒక్క ఏడాదిలో తరిగిపోయారన్నమాట. స్త్రీకి సగటున ఎందరు పిల్లలన్న లెక్క 1989లో 1.57కు పడిపోయిందని మరుసటి ఏడాది తెలిసినప్పుడే దేశమంతా ఉలిక్కిపడింది. 1994లో మొదటి పథకం పెట్టారు. అప్పటి నుంచి ముప్పై ఏళ్లుగా పథకం మీద పథకం వస్తూనే ఉంది, ఆ లెక్క మాత్రం 2024లో 1.15కు దిగింది. మన బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో దీనికి చెప్పే కారణం ఒక్కటే: జపాన్ కుర్రకారు పెళ్లి మీద మనసు లేక యంత్రాలతో కాలక్షేపం చేస్తున్నారట. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. నాతో పనిచేసే అమ్మాయిల్లో పిల్లలంటే ఇష్టం లేనివారిని నేను ఒక్కరిని కూడా చూడలేదు. బిడ్డకు జ్వరం వస్తే ఆఫీసు నుంచి ఎవరు పరుగెత్తాలన్న ప్రశ్నకు జవాబు దొరకక ఆగిపోయినవారిని మాత్రం చాలామందిని చూశాను.

ఆ జ్వరం గురించే చెప్పాలి. మా పాపకు 2019 ఏప్రిల్‌లో హోయికుయెన్‌లో చోటు రాలేదు. నేను ప్రసవ సెలవు పొడిగించుకుని ఎదురుచూడగా అక్టోబరులో, సైకిలు మీద ఇరవై నిమిషాల దూరంలో ఒక చోట ఖాళీ దొరికింది. పాపను అలవాటు చేయడానికి తెనాలి నుంచి మా అమ్మ వచ్చింది. మా ఇద్దరి జీతం కాగితాలు, పన్ను కాగితాలు, ఆవిడ నా తల్లే అనడానికి రుజువు, ఆవిడ ఏ రోజు ఏం చేస్తుందో రాసిన పట్టిక, ఇవన్నీ పంపిస్తే వచ్చిన వీసా 90 రోజులది. ఆ మూడు నెలలూ పాపకు ఎన్నిసార్లు జ్వరం వచ్చిందో నాకు లెక్క కూడా తెలియదు, ఎందుకంటే నేను లెక్క పెట్టుకోవలసిన అవసరం రాలేదు. పగలు ఉగ్గు పెట్టడం దగ్గర నుంచి ప్రతి డయపరు మీదా పాప పేరు రాయడం దాకా అమ్మే చూసుకుంది. ఆ పేరు రాసే నియమం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. రోజుకు ఐదారు డయపర్ల మీద అర్ధరాత్రి పేర్లు రాస్తూ కూర్చున్న తల్లులు ఈ దేశంలో లక్షల మంది ఉంటారు, ఆ పదిహేను నిమిషాల నిద్రను ఏ పథకమూ తిరిగి ఇవ్వలేదు. అమ్మ జపనీస్ లిపి చూసి గీయలేక తెలుగులోనే రాసేది. అక్కడి టీచర్లు ఆ గుండ్రటి అక్షరాలు చూసి మా పాపవని ఇట్టే గుర్తుపట్టేవారు.

జనవరిలో నరిటా విమానాశ్రయంలో అమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఎనభై తొమ్మిది రోజులు చూసుకున్నాను, ఇంకో వంద రోజులు చూసుకుంటే వీళ్లకు ఏం నష్టమే?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. అత్యున్నత నైపుణ్యం ఉన్నవారికిచ్చే వీసా ఉంటే, అంటే చదువు, జీతం, అనుభవం లాంటివాటికి ఇచ్చే పాయింట్లు 70 వచ్చి, ఇంటి ఆదాయం ఏడాదికి 80 లక్షల యెన్‌లు దాటితే, బిడ్డకు ఏడేళ్లు వచ్చేదాకా తల్లిదండ్రులను తెచ్చుకోవచ్చు. మాకు ఆ పాయింట్లు రాలేదు.

అమ్మ వెళ్లిన వారానికి, ఒక మంగళవారం ఉదయం 10:40కి ఆఫీసులో నాకు ఫోన్ వచ్చింది. పాపకు 37.6 డిగ్రీల సెల్సియస్ జ్వరం ఉందనీ, వచ్చి తీసుకువెళ్లమనీ చెప్పారు. ఇక్కడ గీత 37.5 డిగ్రీల దగ్గర గీస్తారు. ఆ గీత దాటితే బిడ్డ ఆడుకుంటున్నా సరే ఇంటికి తీసుకుపోవలసిందే, జ్వరం తగ్గిన తర్వాత కూడా మా హోయికుయెన్ మరో ఇరవై నాలుగు గంటలు రానిచ్చేది కాదు. మా ఆయన ఆ రోజు పని మీద నగోయా వెళ్లారు. నేను షింజుకు నుంచి బయలుదేరి తొజాయ్ లైను రైలు ఎక్కాను. ఆ లైను అరకవా నది మీద వంతెన దాటి నిషికసాయికి వస్తుంది, గాలి ఎక్కువగా ఉంటే ఆ వంతెన మీద రైళ్లు ఆపేస్తారు. ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది. నదికి ఇవతల, మినామి సునమాచి స్టేషన్లో మమ్మల్ని అందరినీ దింపేశారు. పైకి వచ్చి చూస్తే ట్యాక్సీల కోసం వరుస మలుపు దాటి ఉంది. నది అవతలే నా బిడ్డ ఉంది. హోయికుయెన్‌కు ఫోన్ చేసి ఎవరినైనా పంపనా అని అడిగితే, ముందుగా పేరు, ఫొటో నమోదు చేయించినవారికి తప్ప అప్పగించబోమని మర్యాదగానే చెప్పారు. ఆ నియమం మంచిదే, దాన్ని నేను తప్పుపట్టను. ఎదురుగాలిలో రోడ్డు వంతెన నడిచి దాటి, అవతల బస్సు పట్టుకుని నేను చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట యాభై. ఆఫీసు గదిలో ఓ మూల చిన్న పరుపు మీద, నుదుటికి నీలం రంగు చల్లటి పట్టీతో పాప నిద్రపోతోంది. కుడి చేతిలో ఒక సాక్సు పట్టుకుని ఉంది, అది ఎవరిదో తెలియదు. ప్రిన్సిపాల్‌గారు నాకు వంగి నమస్కరించి, చాలా మెల్లగా, "మీకు ఇక్కడ ఇంకెవరూ లేరా?" అని అడిగారు.

ఆ ప్రశ్న నన్ను ఇన్నేళ్లుగా వదలలేదు. నాకు ఇంకొకరు ఉన్నారు, వారం కిందట ఆవిడను విమానం ఎక్కించి వచ్చాను. వచ్చే ఏడాది భత్యం రెట్టింపు చేస్తామన్నా నేను రెండో బిడ్డను కనేదాన్ని కాదు. ఆ రోజు వంతెన మీద నడుస్తూనే నిర్ణయించుకున్నాను. నా జపనీస్ స్నేహితురాళ్ల కథలు కూడా ఇంతే. అమ్మ ఎక్కడో అకితాలోనో కగోషిమాలోనో ఉంటుంది, ఉద్యోగమేమో టోక్యోలో. ఉద్యోగాలన్నీ ఒక నగరానికి లాగేసి, అమ్మమ్మలను ఊళ్లలో వదిలేసి, ఆ నగరంలో బిడ్డలు పుట్టడం లేదని ఆశ్చర్యపోవడం నాకు అర్థం కాదు. 2023లో టోక్యోలో స్త్రీకి సగటు 0.99 మాత్రమే.

ఇందులో తండ్రుల సంగతి కూడా చెప్పాలి. అత్యవసరంలో పిలవవలసిన నంబర్ల కాగితంలో మొదటి గడిలో మా ఆయన నంబరు రాశాను. అయినా హోయికుయెన్ నుంచి ఆయనకు ఫోన్ వెళ్లింది నాకు గుర్తున్నంతవరకు రెండుసార్లు. పిల్లలు పుట్టినప్పుడు సెలవు తీసుకున్న పురుషులు 2019లో నూటికి ఎనిమిది మంది కూడా లేరు, 2024లో నలభై మంది ఉన్నారు. ఈ మార్పు నిజమైనదే, నాకు సంతోషమే. కానీ ఆ సెలవు బిడ్డ పుట్టిన కొత్తలోది. 37.5 ఫోన్లు వచ్చేది ఆ తర్వాతి నాలుగేళ్లలో.

ఆ వారమే మా కింది అంతస్తులో ఉండే పెద్దావిడ మా తలుపు తట్టారు. అప్పటికి ఆవిడకు డెబ్బై రెండేళ్లు. రాత్రి పాప ఏడుపు వినిపించిందనీ, అమ్మగారు వెళ్లిపోయినట్టున్నారనీ అన్నారు. విషయం చెబితే మరునాడే తన ఫొటో తెచ్చి ఇచ్చి, బిడ్డను తీసుకువెళ్లగలవారి జాబితాలో తన పేరు రాయమన్నారు. తర్వాతి నాలుగేళ్లలో పాపను ఎక్కువసార్లు తీసుకువచ్చింది ఆవిడే. పాప ఆవిడను బాచాన్ అంటుంది, అంటే అమ్మమ్మ అనే. ఆవిడ కొడుకులిద్దరిలో ఒకరు ఒసాకాలో ఉంటారు, ఇంకొకరికి నలభై ఎనిమిదేళ్లు వచ్చినా పెళ్లి కాలేదు.

2022లో ఆవిడ భర్తకు పక్షవాతం వచ్చింది. వారానికి రెండు రోజులు వృద్ధుల డే సర్వీసు వ్యాను వచ్చి ఆయనను తీసుకువెళ్లి సాయంత్రం దింపుతుంది. మరుసటి ఏడాది ఆవిడ కంటి శస్త్రచికిత్సకు వెళ్లినప్పుడు వ్యాను దగ్గర ఆయనను దింపుకునే పని నేను తీసుకున్నాను. వ్యానులోంచి దిగిన సహాయకురాలు నా బొట్టు చూసి హిందీలో పలకరించింది. ఆ అమ్మాయిది నేపాల్‌లోని చిత్వన్. తాతగారి చెప్పుల పట్టీ బిగిస్తూనే తనకూ ఐదేళ్ల కొడుకు ఉన్నాడనీ, అత్తగారి దగ్గర వదిలి వచ్చాననీ చెప్పింది. ఇక్కడ రాత్రి ఏడు గంటలకు అక్కడ మూడుముప్పావు అవుతుందట. కొడుకు బడి నుంచి వచ్చే ఆ వేళకు ఇంటికి చేరితేనే వాడి ముఖం ఫోన్లో చూడగలుగుతుందట. ఆమెది 2019 ఏప్రిల్‌లో మొదలైన ప్రత్యేక నైపుణ్య వీసా. మొదటి రకానికి గడువు మామూలుగా ఐదేళ్లు, భర్తనూ బిడ్డనూ తెచ్చుకోవడానికి వీల్లేదు. మూడేళ్లు పనిచేసి, వృద్ధుల సంరక్షణలో జాతీయ పరీక్షను జపనీస్ భాషలో రాసి నెగ్గితే అప్పుడు వీసా మారుతుంది, కుటుంబం రావచ్చు.

ఆ సాయంత్రం నాకు మొత్తం ఒకచోట కనిపించింది. జపనీస్ అమ్మమ్మ నా బిడ్డను చూసుకుంటోంది, ఆవిడ భర్తను నేపాల్ తల్లి చూసుకుంటోంది, ఆ తల్లి బిడ్డను చిత్వన్‌లో నాయనమ్మ చూసుకుంటోంది, నా బిడ్డ అమ్మమ్మ తెనాలిలో ఒంటరిగా కూర్చుని ఉంది. పిల్లలు పుట్టాలన్న పథకాన్ని ఒక శాఖ రాస్తుంది, పనివాళ్లు రావాలన్న పథకాన్ని ఇంకొక శాఖ రాస్తుంది. 2024 చివరికి ఈ దేశంలో విదేశీయుల సంఖ్య 37 లక్షలు దాటింది. మనుషులు వస్తున్నారు. వారిలో పిల్లలున్న వయసువారు చాలామంది తమ పిల్లలను వదిలి వస్తున్నారు. జనం తరిగిపోతున్నారని బాధపడే దేశం, తనకోసం పనిచేస్తున్న తల్లి దగ్గరకు ఆమె ఐదేళ్ల బిడ్డను రానివ్వకపోవడం కంటే పెద్ద పొరపాటు నాకు కనిపించదు. ఆ బిడ్డ వచ్చి ఉంటే ఈపాటికి మా పాపతో కలిసి జపనీస్‌లో ఎక్కాలు వల్లిస్తూ ఉండేవాడు. ఒకాయామాలో నగి అనే చిన్న పట్టణం ఉంది. ఆరు వేల మంది జనం కూడా ఉండని ఆ ఊళ్లో 2019లో స్త్రీకి సగటు 2.95 వచ్చింది. అక్కడా డబ్బు ఇస్తారు. దానితోపాటు ఊరి పెద్దలూ తల్లులూ ఒకరి పిల్లలను ఒకరు చూసుకునే చోటు ఒకటి ఏర్పాటు చేశారు. ఆ ఊరిని నిలబెట్టింది ఆ చోటేనని నా నమ్మకం.

మన ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024 నవంబరులో ఎత్తేశారు. మన సగటు ఎప్పుడో 1.7కు వచ్చింది. ఇంకా కనండి అని చెప్పబోయేవారు ముందుగా గుంటూరులోనూ విశాఖలోనూ ఉద్యోగం చేసే తల్లులకు సాయంత్రం ఏడింటిదాకా నమ్మకంగా బిడ్డను ఉంచే చోటు ఎక్కడుందో చూపించాలి. నా చెల్లెలు విశాఖలో ఆ చోటు దొరకకే ఉద్యోగం మానేసింది.

ఇక మీ విషయానికి వస్తాను. తప్పకుండా రండి. వైద్యం బాగుంటుంది, వీధులు భయం లేనివి, హోయికుయెన్ టీచర్లు బిడ్డను కళ్లలో పెట్టుకుని చూస్తారు. దిగిన వారంలోనే కుయాకుషోకు, అంటే వార్డు కార్యాలయానికి వెళ్లి చిరునామాతోపాటు భత్యానికీ దరఖాస్తు పెట్టండి, ఆలస్యమైన నెలల భత్యం వెనక్కి రాదు. ఏప్రిల్ ప్రవేశాల దరఖాస్తులు ముందటి శరదృతువులోనే తీసుకుంటారు. ఫ్యామిలీ సపోర్ట్ అనే పథకంలో అక్కడే పేరు రాయించుకోండి, పిల్లలను దింపి తెచ్చే పొరుగువారిని వారే కలుపుతారు. హోయికుయెన్‌లో చేరిన మొదటి నెలల్లోనే జ్వరాలు ఎక్కువగా వస్తాయి. మీ అమ్మగారిని మీరు దిగిన కొత్తలో ఇల్లు సర్దడానికి పిలిచి ఆ 90 రోజులు ఖర్చు చేయకండి. పాప చేరేది ఏప్రిల్‌లో అయితే, ఆవిడ టికెట్ మార్చి ఆఖరి వారానికి తీసుకోండి.