అట్టపెట్టె ఆట ఇస్తే పరువు పోయిందంటున్నారు

పర్లాకిమిడి నుంచి ఒక తల్లి రాశారు: “మా బాబుకి పదకొండేళ్లు. టెక్కలిలో మా వదిన కొడుకు పుట్టినరోజుకి మా వాడే అట్టపెట్టె కోసి, సోడా మూతలు పెట్టి పులిమేక ఆట తయారుచేశాడు. ‘ఏమీ అనుకోకండి వదినా, ఏదో వాడి సరదా’ అని ఇచ్చాను. చుట్టాలెవరో నవ్వారు. ఇంటికొచ్చాక మా ఆయన, మీ ఇద్దరూ కలిసి నా పరువు తీశారని అరిచి, బాబు గీసుకుంటున్న ఇంకో అట్టని చింపేశారు. ఆయన పనిచేసే బట్టల షాపు మూతపడి నాలుగు నెలలైంది. దసరాకి మళ్లీ టెక్కలి వెళ్లాలి. బాబు నాన్నతో మాట్లాడటం లేదు. ఈసారి అప్పు చేసైనా ఏదో ఒకటి కొనమంటారా?”

అమ్మా, అప్పు మాత్రం చెయ్యకండి. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

మీ ఆయనకి అంత కోపం అట్టముక్క చూసి వచ్చిందని నేననుకోను. జీతం ఆగిపోయిన సంగతి సొంత అక్క ఇంట్లో, నలుగురి మధ్య బయటపడిందని ఆయనకి అనిపించి ఉంటుంది. మీ వదినకి ఆ విషయం తెలుసో లేదో మీరు రాయలేదు. తెలియకపోతే దసరాలోపే ఆయన చేతే ఫోన్ చేయించండి. “అక్కా, ప్రస్తుతం చెయ్యి ఆడటం లేదు, ఈ పండక్కి పిల్లలకి పెద్దగా ఏమీ తేలేను” అని తమ్ముడు అక్కతో అనుకునే మాటలో తప్పేం లేదు. అది దాచుకుని వెళ్తే మీ చేతిలో ఏ సంచి ఉన్నా ఆయనకి టెన్షనే.

పిల్లాడి అట్ట చింపడం మాత్రం తప్పు. ఆ మాట ఆయనకి మెల్లగానే అయినా సూటిగా చెప్పండి, బాబు వినేలా కాదు, మీరిద్దరే ఉన్నప్పుడు. “చింపకుండా ఉండాల్సింది రా” అని నాన్న నోటి నుంచి రావాలి. బాబు ఆ ఒక్క మాట కోసమే చూస్తున్నాడేమో. మీరు మధ్యలో నిలబడి ఇద్దరికీ సర్దిచెప్పే పని పెట్టుకోవద్దు.

ఇంకొకటి, మీరు నొచ్చుకోకండి. ఇచ్చేటప్పుడు మీరన్న ఆ “ఏమీ అనుకోకండి” ఉంది చూశారా, నవ్వడానికి అక్కడే దారి దొరికింది. తల్లే తక్కువ చేసి ఇచ్చిన వస్తువుని చుట్టాలు ఎక్కువ చేసి చూడరు. ఒడిశాలో గంజప పేకముక్కలు ఎలా చేస్తారో మీ వైపు వాళ్లకి తెలిసే ఉంటుంది. గుడ్డని పొరలుగా చింతపిక్కల జిగురుతో అతికించి, సుద్ద పూసి, గుండ్రంగా కోసి, బొమ్మలు వేసి, లక్కతో మెరుగు పెడతారు. పూరీ దగ్గర రఘురాజ్‌పూర్‌లో ఆ పని చేసే చిత్రకారుల ఇళ్లకి వెళ్లి మరీ కొనుక్కుంటారు జనం. గుడ్డ, చింతపిక్కలు, అంతే కదా సరుకు.

ఇక ఆట సంగతి. పులిమేక ఇద్దరి ఆట. మూడు పులులు, పదిహేను మేకలు, ఎదురెదురుగా కూర్చుని తీరిగ్గా ఆడాలి. పుట్టినరోజు గోలలో ఎవరు కూర్చుంటారు? దసరాకి పిల్లలంతా చేరతారు కాబట్టి అష్టాచెమ్మా చేయమనండి, నలుగురు ఆడొచ్చు. ఇరవై అయిదు గళ్లు, మనిషికి నాలుగు కాయలు. పందెం వెయ్యడానికి గవ్వలు లేకపోతే చింతపిక్కలు రెండుగా పగలగొడితే ఒకవైపు తెలుపు, ఒకవైపు గోధుమరంగు ఉంటాయి, నాలుగు బద్దలు చాలు. కాయలకి పాత చొక్కాల బొత్తాలు, నాలుగు రంగుల్లో ఏరండి. ఇంట్లో పాకే పిల్లలుంటే ఈ చిన్న సామానంతా అందకుండా పెట్టమని మీ వదినకి చెప్పండి.

అట్టపెట్టె పలకకి ఒంపు తిరిగే గుణం ఉంది. అందుకే రెండు పలకలు తీసుకుని, లోపలి ముడతల గీతలు ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా వచ్చేలా ఫెవికాల్ పలచగా రాసి అతికించి, రాత్రంతా బియ్యం బస్తా కింద ఉంచాలి. పైన పాత క్యాలెండర్ కాగితం, తెల్లవైపు పైకి. అంచులకి పాత చీర అంచు అతికిస్తే కంపెనీ పేర్లూ కోసిన గరుకూ కనపడవు. అయినా నన్నడిగితే అట్టకంటే గుడ్డే మేలు. పాత పంచె ముక్క మీద గళ్లు గీసి, వాటి వెంట రంగుదారంతో కుట్టేస్తే చాప చుట్టినట్టు చుట్టి రైల్లో తీసుకెళ్లొచ్చు, చిరగదు, తడిసినా పాడవదు. షాపులో పనిచేసిన మనిషికి గుడ్డ కొలిచి తిన్నగా కోయడం వచ్చే ఉంటుంది. ఆ పని ఆయనకి అప్పగించి చూడండి, బతిమాలకుండా, “ఈ కొలత కాస్త చూడండి” అని.

ఆట నియమాలు ఒక కాగితం మీద రాయించండి. మీ వాడు చదివేది ఒడియాలో అయితే తెలుగులో మీరు రాసి, ఒడియాలో వాడి చేత రాయించండి. టెక్కలి వెళ్లాక ప్యాకెట్ చేతిలో పెట్టి ఊరుకోవద్దు. భోజనాలయ్యాక పరిచి, మీ వాడు, వాళ్ల బావ, మీ ఆయన, మీ వదిన కూర్చుని మొదటి ఆట ఆడాలి. ఆ అక్కాతమ్ముళ్లిద్దరూ చిన్నప్పుడు ఒకే ఇంట్లో ఆడుకున్నవాళ్లే కదా, పందెం ఎలా వెయ్యాలో పిల్లలకి వాళ్లే నేర్పుతారు.

ఇదంతా బాబుకి ఇష్టమైతేనే. ఈసారి చెయ్యనంటే బలవంతపెట్టకండి, గీసిన అట్ట చిరిగినవాడు వాడు. అప్పుడు పండ్లో, ఇంట్లో చేసిన అరిసెలో పట్టుకెళ్లండి, చాలు.