తెల్లారే వెళ్లు, చిన్నీ

గుంటూరు,
ఆదివారం రాత్రి

చిన్నీ,

నువ్వు పాత కారు ఒకటి కొంటున్నావని పొద్దున మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. లోను కూడా లేకుండా, జీతంలో మిగుల్చుకున్న డబ్బుతోనట. ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్యకి ఆ మాట రెండుసార్లు చెప్పాను. మన ఇంట్లో ఆడపిల్ల తన డబ్బుతో కారు కొనడం ఇదే మొదలు. మీ తాతయ్య ఉండుంటే బెంజి సర్కిల్ దాకా నడిచెళ్లి మరీ కనిపించిన వాళ్లందరికీ చెప్పొచ్చేవారు.

ఆ తర్వాత అమ్మ ఇంకో మాట అంది. గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి అటే వెళ్లి చూస్తావట, నచ్చితే అక్కడే 20,000 టోకెన్ అడ్వాన్సు ఇచ్చేస్తావట. అది విన్న దగ్గర్నుంచీ నా మనసు మనసులో లేదు. సాయంత్రం వద్దమ్మా. తెల్లారే వెళ్లు. "నేనొచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దు" అని ముందురోజే చెప్పు. వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి ఆనించు. వెచ్చగా తగిలితే తగువేమీ పెట్టుకోకుండా వచ్చెయ్. ఇంకో రోజు వెళ్దువుగాని.

చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని, కుడిచేతి మీద మచ్చని వేలితో రాస్తూ "ఇదేంటి మావయ్యా" అని అడిగేదానివి, గుర్తుందా? గారెల నూనె పడిందని చెప్పేవాణ్ని. అది నూనె కాదు.

1996 వేసవి. బెజవాడ ఆటోనగర్‌లో లారీ ఆఫీసులో గుమాస్తాగా చేస్తున్నాను. 38,000 పోగుచేసి 1984 మోడల్ ఫియెట్ చూడ్డానికి వెళ్లాను. సాయంత్రం ఆరున్నర. నేను వెళ్లేసరికే బండి ఇంటి ముందు ఆడుతూ ఉంది. "ఇప్పుడే గుడికి వెళ్లొచ్చామండీ" అన్నాడాయన. బానెట్ మీద చెయ్యి వేస్తే కాలింది. పర్లేదు, రోజూ వాడుతున్న బండే, మూలన పడున్నది కాదు అనుకున్నాను. మర్నాడు అమావాస్య, ఈ రాత్రికే అడ్వాన్సు ఇస్తే మంచిదన్నాడు. ఇచ్చేశాను. ఇంజను వేడిగా ఉంటే, దాన్ని చల్లబరిచే నీళ్లుండే రేడియేటర్ మూత తియ్యలేం. తియ్యలేకపోయాను కాబట్టే లోపలేముందో చూడలేదు. నేను వెళ్లే ముందు దాన్ని వేడిచేసింది అందుకే.

పదిహేను రోజులు బాగానే తిరిగింది. మీ తాతయ్యకి గుండెల్లో బరువుగా ఉంటోందంటే గుంటూరులో డాక్టరుకి చూపిద్దామని బయల్దేరాం. రోహిణి కార్తె, మిట్టమధ్యాహ్నం. మంగళగిరి దాటి, ఇప్పుడు కాజ టోల్‌గేటు ఉన్న చోటుకి కాస్త ఇవతల, బానెట్ సందుల్లోంచి ఆవిరి ఎగజిమ్మింది. బండి ఆపాను. వెనక సీట్లో ఆయన పంచె కొంగుతో మొహం తుడుచుకుంటూ "ఏమైందిరా" అన్నారు. కంగారులో తువ్వాలు మడిచి రేడియేటర్ మూత తిప్పాను. సలసల కాగే నీళ్లు మోచేతి దాకా కొట్టాయి. ఆ నీళ్లు పచ్చగా ఉన్నాయి చిన్నీ, పసుపు నీళ్లలా. చొక్కాకి అంటిన మరక ఉతికినా పోలేదు.

ఆయన్ని చింతచెట్టు కింద కూర్చోబెట్టాను. ఆగిన లారీ అతను తన క్యాను నీళ్లు నా చేతి మీద పోశాడు. బండి పాడుచేశానని తిడతారనుకున్నాను. తాతయ్య లేచొచ్చి "బండిదేముందిరా, చెయ్యి చూపించు" అన్నారు. తన గుండె నొప్పి మర్చిపోయి నా చెయ్యి ఊదుతూ నిలబడ్డారు. గంటన్నర తర్వాత గుంటూరు బస్సు ఎక్కించగలిగాను. ఆరోజు ఆయనకేం కాలేదు. కానీ ఆ గంటన్నరలో ఏమైనా అయ్యుంటే? ముప్పై ఏళ్లు కావస్తున్నా ఆ మాట నన్ను వదల్లేదు.

ఆటోనగర్‌లో మేస్త్రి ఇంజను పైభాగం, అదే హెడ్డు, ఊడదీసి చూపించాడు. దాని కింద నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే గ్యాస్కెట్ కాలిపోయింది, హెడ్డు వంగిపోయింది. రేడియేటర్ కారుతుంటే పసుపు పోసి కారడం ఆపారట, ఆ మడ్డి గొట్టాల్లో గడ్డకట్టి నీళ్లు తిరగనివ్వలేదు. ఆ రోజు నుంచి సాయంత్రాలు ఆయన షెడ్డులోనే ఉండేవాణ్ని, అడిగిందల్లా చెప్పేవాడు. ఆ తర్వాత మన చుట్టాల్లో ఎవరు పాత బండి కొన్నా నన్ను పిలిచారు. ఏ ఒక్కటీ సాయంత్రం పూట చూడలేదు.

చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ డబ్బా మూత తియ్యి. తుప్పు రంగు గానీ, పైన నూనె తేట గానీ కనబడకూడదు. ఆయిల్ పోసే మూత తిప్పి అడుగున చూడు. మజ్జిగ మీద వెన్నలాంటి జిడ్డు ఉంటే నీళ్లు ఆయిల్లో కలుస్తున్నట్టే. అప్పుడు తాళం తిప్పించు, నువ్వు మాత్రం సైలెన్సర్ దగ్గర నిలబడు. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోంది, ఇంజను లోపల అరిగి బోరుకొచ్చినట్టు. తెల్ల పొగ ఇంజను వేడెక్కాక కూడా తగ్గకపోతే నా ఫియెట్ జబ్బే. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నల్ల పొగ కక్కితే డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు చూపించాలి.

నువ్వు చూసింది 2013 స్విఫ్ట్ డీజిల్ అని అమ్మ చెప్పింది. ఆ 1248 సీసీ ఇంజను మంచిదే, మూలం ఫియెట్ కంపెనీదే. మారుతి 2020 ఏప్రిల్‌తో డీజిల్ కార్లు మానేసినా సామాన్లు ఆటోనగర్‌లో దొరుకుతాయి. దాంట్లో లోపలి భాగాల్ని కలిపి తిప్పడానికి టైమింగ్ బెల్టు కాదు, చైను ఉంటుంది. చల్లటి ఇంజను స్టార్ట్ చేసినప్పుడు గలగలమని చైను చప్పుడు వచ్చి వెంటనే తగ్గకపోతే పెద్ద ఖర్చే. ఇదీ పొద్దున్నే వినాలి, వేడెక్కాక వినబడదు.

"మన బెజవాడ బండే, ఏపీ 16 నెంబరు" అని అమ్మ సంబరపడింది. నాకు భయం అక్కడే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు మునిగిన బండ్లన్నీ తుక్కుకి పోలేదు. కడిగి, సెంటు కొట్టి అమ్మినవీ ఉన్నాయి. వెనక సీటు బెల్టు చివరంటా లాగు, లోపలి భాగంలో బురద చార ఉంటుంది. అక్కడిదాకా ఎవరూ కడగరు. స్టెప్నీ తీసి ఆ గుంతలో వేళ్లు పెట్టి చూడు. కార్పెట్ అంచు ఎత్తి సీటు బోల్టులకి తుప్పుందేమో చూడు. ఒక్కచోట ఒండ్రు కనబడినా వదిలెయ్. నీళ్లు తాగిన వైర్లు ఈరోజు బాగుంటాయి, ఆర్నెల్లకి నడిరోడ్డు మీద చచ్చిపోతాయి.

మీటర్ 62,000 చూపిస్తోందని మురిసిపోకు. బ్రేకు పెడల్ రబ్బరు అరిగి నున్నగా ఉంటే మీటర్ అబద్ధం. టైరు మీద నాలుగంకెలు చూడు, 1519 అంటే 2019లో పదిహేనో వారం తయారైందని. "డాక్టరుగారి బండి, సింగిల్ ఓనర్, షోరూమ్ ట్రాక్" అంటారు, అంటే సర్వీసులన్నీ షోరూమ్‌లోనే అయ్యాయని, ఆ సర్వీసు కాగితాలు నీ చేతికి ఇచ్చాకే నమ్ము. ఆర్సీ మీద ఛాసిస్ నెంబరు బండితో సరిపోల్చు. బండి మీద ఫైనాన్స్ ఉంటే, అప్పు తీరిందనే బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 అడుగు. బండి పేరు మార్చే ఫారం 29, 30 ఖాళీగా సంతకం పెట్టకు. ఇన్సూరెన్సు 14 రోజుల్లోపు నీ పేరుకి మార్చుకో. ఆర్సీ 2028 దాకానే, ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించాలి. ఆ లెక్క చూసుకుని బేరమాడు.

ఎండలో ఏసీ వేసి బండిని ఇరవై నిమిషాలు నిలబెట్టి ఆడించు. బెజవాడ ఎండకి తట్టుకుంటేనే అది బండి. అమ్మని కూర్చోబెట్టుకుని హైదరాబాద్ వెళ్తానన్నావట. నా చెల్లెలు వెనక సీట్లో ఉండగా సూర్యాపేట దగ్గర ఆవిరి రావడం నేను తలుచుకోలేను తల్లీ. ఫోన్‌లో నలభై ఫొటోలు చూసి నచ్చిందన్నావట, కోప్పడాలనిపించింది. నీ సంతోషం చూసి ఊరుకున్నాను.

గురువారం వద్దని వాళ్లకి చెప్పు. శుక్రవారం తెల్లవారుజామున మొదటి బస్సుకి వచ్చి నెహ్రూ బస్టాండులో దిగుతాను, స్కూటీ మీద వచ్చి ఎక్కించుకో. టార్చిలైటు, తుడవడానికి పాత బనీను గుడ్డ నేనే తెస్తాను.

మీ మావయ్య