నా ఫొటోలకు కాపీరైట్ ఎలా తెచ్చుకోవాలి? వాటర్‌మార్క్ వేస్తే చాలా, రిజిస్టర్ చేయించాలా?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: ఇష్టంతో ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో పెడుతున్నారు. అందులో ఒకదాన్ని ఎవరో, కింద ఉన్న మీ పేరు కత్తిరించేసి, తమ వ్యాపార ప్రకటనలో వాడుకున్నారు. ఇకమీదట ఇలా జరగకుండా కాపీరైట్ ఎలా తెచ్చుకోవాలి, వాటర్‌మార్క్ సరిపోతుందా, రిజిస్టర్ చేయించాలా అని అడిగారు. పక్షుల ఫొటోలు తీయడం చాలా ఏళ్లుగా నా పని. చెప్పాపెట్టకుండా నా ఫొటోలు వాడుకున్నవాళ్లతో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపిన అనుభవం ఉంది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. నేను లాయర్‌ని కాను. పెద్ద మొత్తంతో ముడిపడిన వ్యవహారమైతే మీ దేశపు చట్టం తెలిసిన లాయర్‌ని తప్పకుండా కలవండి.

ముందు మీ టెన్షన్ తగ్గించే సంగతి చెబుతాను. ఆ ఫొటో మీద కాపీరైట్ మీకు ఇప్పటికే ఉంది. మీరు షట్టర్ నొక్కి, ఆ దృశ్యం మెమరీ కార్డులో నమోదైనప్పుడే అది వచ్చేసింది. దరఖాస్తు పెట్టక్కర్లేదు, ఫీజు కట్టక్కర్లేదు, ఫొటో మూలన గుండ్రటి గీతలో సి అక్షరం వేయాల్సిన పని కూడా లేదు. కాపీరైట్ మీద దేశాల మధ్య 1886లో కుదిరిన బెర్న్ ఒప్పందాన్ని 1908లో బెర్లిన్‌లో సవరించినప్పుడు, హక్కు రావడానికి ఎలాంటి లాంఛనాలూ అక్కర్లేదని రాసుకున్నారు. ఇవాళ 180కి పైగా దేశాలు ఆ ఒప్పందంలో ఉన్నాయి. అమెరికా మాత్రం చాలా ఆలస్యంగా, 1989 మార్చి 1 నుంచి చేరింది. అంతకుముందు అక్కడ ఆ గుర్తు వేయకుండా ప్రచురిస్తే హక్కు పోయే ప్రమాదం నిజంగానే ఉండేది. గుర్తు లేని ఫొటో అందరిదీ అనే అపోహ ఇంకా వదలకపోవడానికి ఆ పాత పద్ధతి కూడా ఒక కారణమని నా అనుమానం.

హక్కు ఎంతకాలం ఉంటుందంటే, దేశాన్ని బట్టి మారుతుంది. యూరోపియన్ యూనియన్‌లో ఫొటోగ్రాఫర్ జీవితకాలం, ఆపైన 70 ఏళ్లు. భారత్‌లో ఒకప్పుడు ఫొటో ప్రచురించిన దగ్గర్నుంచి 60 ఏళ్లే ఉండేది. 2012 సవరణ తర్వాత మిగతా కళాకృతుల్లాగే ఫొటోగ్రాఫర్ జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు అయింది. అంటే మీ హక్కు మీ పిల్లలకూ అందుతుంది.

ఆ హక్కు దేని మీద ఉంటుందో కూడా తెలిసి ఉండాలి. 1884లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఒకటి ఉంది. నెపోలియన్ సరోనీ అనే ఫొటోగ్రాఫర్ తీసిన ఆస్కార్ వైల్డ్ ఫొటోని ఒక లితోగ్రఫీ (రాతి అచ్చు) కంపెనీ వేలకొద్దీ అచ్చేసింది. కెమెరా యంత్రం కదా, ఎదురుగా ఉన్నది ఉన్నట్టు దించేస్తుంది, ఇందులో ఫొటోగ్రాఫర్ గొప్పేముందని ఆ కంపెనీ వాదించింది. మనిషిని కూర్చోబెట్టిన తీరు, దుస్తులు, వెనక తెర, వెలుగునీడలు, ముఖంలో భావం అన్నీ ఆలోచించి అమర్చింది సరోనీయే కాబట్టి ఆ చిత్రానికి కర్త అతనేనని కోర్టు తేల్చింది. మన హక్కు కూడా ఆ ఎంపికల మీదే. మీరు తీసిన వంతెనని మరొకరు తమ కెమెరాతో తీసుకుంటే, మామూలుగా మీరు అడ్డు చెప్పలేరు. ఆ వంతెన మీద మీకు హక్కు లేదు. మీరు తీసిన చిత్రాన్ని తీసుకుపోతే మాత్రం నిలదీయొచ్చు.

ఇక అసలు చిక్కు. తీసింది మీరైనా, హక్కు మీది కాకుండా పోయే సందర్భాలు ఉన్నాయి. ఉద్యోగంలో భాగంగా తీస్తే చాలా దేశాల్లో అది యజమానికి చెందుతుంది. ఇది చాలామందికి తెలిసిందే. తెలియనిది, నన్ను ఎప్పుడూ బాధపెట్టేది, డబ్బు తీసుకుని వేరొకరి కోసం తీసే ఫొటోల సంగతి. బ్రిటన్‌లో 1989 ఆగస్టు నుంచి, డబ్బిచ్చి తీయించుకున్నా కాపీరైట్ ఫొటోగ్రాఫర్‌దే. అమెరికాలో స్వతంత్రంగా పనిచేసే ఫొటోగ్రాఫర్‌కు కూడా సాధారణంగా అంతే. భారత చట్టంలో 17వ సెక్షన్ దీనికి తలకిందులు: ఒకరు ప్రతిఫలం ఇచ్చి ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు, ఉత్పత్తుల ఫొటోలు తీసేవాళ్లు ఆ ఫొటోలను తమ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవడానికి కూడా అనుమతి అడగాల్సిన పరిస్థితి ఇందువల్లే వస్తుంది. పని ఒప్పుకునే ముందు ఒక్క పేజీ రాసుకుంటే ఈ బాధ తప్పుతుంది. హక్కు ఎవరిది, వాళ్లు ఎక్కడెక్కడ వాడుకోవచ్చు, ఎంతకాలం, పేరు వేయాలా వద్దా, ఈ నాలుగూ అందులో ఉండాలి. హక్కు మొత్తం రాసివ్వడం వేరు, వాడుకోవడానికి లైసెన్స్ ఇవ్వడం వేరు. క్లయింట్లు ఎక్కువమందికి కావల్సింది రెండోదే. అడిగితే ఒప్పుకుంటారు కూడా. నోటిమాటగా వదిలేస్తేనే తర్వాత మనసులు విరిగేది.

ఆన్‌లైన్‌లో పెట్టాక ఎవరైనా వాడుకోవచ్చు కదా అని మీకు ఆ ప్రకటన వేసినవాళ్లు చెప్పే అవకాశం ఎక్కువ. నాకూ ఇదే మాట ఎన్నోసార్లు వినబడింది. కాదని గట్టిగా చెప్పండి. సోషల్ మీడియా నిబంధనల్లో మనం ఇచ్చే అనుమతి ఆ సంస్థకు, దాని సేవల కోసం. దారినపోయే వ్యాపారికి కాదు. 2010లో హైతీ భూకంపం వచ్చినప్పుడు డానియెల్ మొరెల్ అనే ఫొటోగ్రాఫర్ తన చిత్రాలను ట్విట్టర్ ద్వారా పంచుకున్నాడు. వార్తాసంస్థ ఏఎఫ్‌పీ, ఫొటోలు అమ్మే గెట్టీ సంస్థ వాటిని అనుమతి లేకుండా పంపిణీ చేశాయి. ట్విట్టర్‌లో పెట్టాడు కాబట్టి వాడుకోవచ్చనే వాదన కోర్టులో నిలవలేదు. 2013లో జ్యూరీ అతనికి 12 లక్షల డాలర్ల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది.

కాబట్టి మీరు శ్రద్ధ పెట్టాల్సింది హక్కు సంపాదించడం మీద కాదు, ఆ ఫొటో మీదేనని చూపించగలగడం మీద. నేను ఎవరికి సలహా ఇచ్చినా ఇక్కడే ఎక్కువసేపు ఆగుతాను.

నా విషయమే చెబుతాను. మొద్దు మీద నుంచి లేస్తున్న లకుముకి పిట్ట ఫొటో నాది ఒకటి, ఒక పర్యాటక సంస్థ బ్రోషర్ అట్ట మీద కనబడింది. అడిగితే, తమ సిబ్బందిలో ఒకరు తీశారని జవాబు వచ్చింది. వాళ్ల కాపీని పెద్దది చేసి చూశాను. ఎడమ అంచున, నీటికి కాస్త పైన, గోరంత నీలిరంగు మరక ఉంది. చూసేవాళ్లకు అదేదో వెలుగు పడిన జాడలా ఉంటుంది. నా రా ఫైల్‌లో (కెమెరా నమోదు చేసిన, ఏ మార్పూ చేయని అసలు ఫైల్) ఆ చోట రెండో లకుముకి ఉంది, పూర్తిగా. ఆ మరక దాని రెక్క కొస. వాళ్ల చేతిలో ఉన్నది ఎవరో కత్తిరించిన ముక్క, నా దగ్గర ఉన్నది మొత్తం ఫ్రేము. దానికి ముందు ఫ్రేములో పిట్ట ఇంకా మొద్దు మీదే ఉంది, తర్వాతి ఫ్రేములో తోక మాత్రమే మిగిలింది. ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి, చిన్న సైజులో, వాళ్ల బ్రోషర్ అట్టతో కలిపి పంపాను. సిబ్బందిలో ఎవరు తీశారన్న ప్రస్తావన ఆ తర్వాత రాలేదు. డబ్బు చెల్లించారు, ఆన్‌లైన్ కాపీలో పేరు వేశారు.

అందుకే చెబుతున్నాను, బాగా వచ్చిన ఒక్క ఫొటో ఉంచుకుని మిగతావన్నీ చెరిపేయకండి. ముందూ వెనకా ఫ్రేములు సాక్షులు. రా ఫైళ్లను రెండు వేర్వేరు చోట్ల దాచండి. ఆన్‌లైన్‌లో పెట్టే కాపీని అంచులు కొంచెం కత్తిరించి, తక్కువ సైజులో పెట్టండి. మొత్తం ఫ్రేము మీ దగ్గరే ఉండనివ్వండి. రుజువు అడిగితే రా ఫైల్ ఇవ్వకుండా దాని స్క్రీన్‌షాట్ చూపించండి.

కెమెరా మెనూలో ఫొటోగ్రాఫర్ పేరు, కాపీరైట్ వివరం నింపుకునే చోటు చాలా మోడళ్లలో ఉంటుంది. ఒకసారి నింపితే తీసే ప్రతి ఫైల్‌లోనూ ఆ సమాచారం చేరుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఐపీటీసీ వివరాల (ఫొటో ఫైల్‌లోనే దాగి ఉండే సమాచారం) కింద పేరు, ఈమెయిల్, వాడుక షరతులు కూడా చేర్చండి. చాలా సోషల్ మీడియా సైట్లు అప్‌లోడ్ చేసేటప్పుడు ఈ వివరాలను తీసేస్తాయి, నిజమే. అయినా మానొద్దు. ఎందుకంటే హక్కుదారు వివరాలను కావాలని తొలగించడం కొన్ని దేశాల్లో విడిగా ఇంకో తప్పు. అమెరికా చట్టంలో దానికే ఒక్కో ఉల్లంఘనకు 2,500 నుంచి 25,000 డాలర్ల దాకా పరిహారం పడొచ్చు. భారత్‌లో కూడా 2012 సవరణతో ఇలాంటి సెక్షన్ వచ్చింది. మీ పేరును కత్తిరించారన్నారు కదా, ఆ విషయాన్ని మీ ఉత్తరంలో విడిగా రాయండి.

వాటర్‌మార్క్ మీద నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మూలన వేస్తే కత్తిరించేస్తారు, మధ్యలో వేస్తే మీ ఫొటోని మీరే పాడుచేసుకున్నట్టు. ఇప్పటి టూల్స్‌కు దాన్ని చెరపడం నిమిషం పని. ఇది ఎవరిదో తెలియక వాడేశాం అనే సాకు చెప్పే వీలు లేకుండా, చిన్నగా, చదవడానికి వీలుగా పేరు వేస్తే చాలు.

రిజిస్ట్రేషన్ దగ్గర దేశాన్ని బట్టి సలహా మారుతుంది. బ్రిటన్‌లో అసలు ప్రభుత్వ రిజిస్టరే లేదు. భారత్‌లో ఉంది, తప్పనిసరి కాదు. చేయిస్తే ఆ నమోదు కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా నిలుస్తుంది. మీ ఫొటోలు ఎక్కువగా అమెరికాలో వాడకానికి గురవుతుంటే మాత్రం అక్కడ రిజిస్టర్ చేయించడం గురించి గట్టిగా ఆలోచించండి. ఉల్లంఘన మొదలవకముందే, లేదా ప్రచురించిన మూడు నెలల్లోపు చేయిస్తే, నష్టం ఎంతో లెక్క చూపించలేకపోయినా ఒక్కో కృతికి 750 నుంచి 30,000 డాలర్ల వరకు, కావాలని చేశారని తేలితే 1,50,000 డాలర్ల వరకు కోర్టు ఇప్పించగలదు. లాయర్ ఖర్చులూ అడగొచ్చు. ఆలస్యమైతే జరిగిన అసలు నష్టం, వాళ్లకు వచ్చిన లాభం లెక్క తేల్చి అడగాల్సి వస్తుంది, అది చాలా కష్టం. అక్కడ ఒకే దరఖాస్తులో 750 ఫొటోల వరకు కలిపి పెట్టొచ్చు కాబట్టి విడివిడిగా చేయించక్కర్లేదు. ఫొటోలను కవర్లో పెట్టి మీకు మీరే పోస్టు చేసుకుంటే రిజిస్ట్రేషన్‌తో సమానమని కొందరు చెబుతుంటారు. దాన్ని నమ్మొద్దు.

ఇప్పుడు మీ ఫొటో సంగతికి వద్దాం. కోపంతో వెంటనే మెయిల్ పెట్టకండి. మెయిల్ అందగానే వాళ్లు ఆ పేజీ తీసేస్తారు, మీ చేతిలో ఏమీ మిగలదు. ముందు ప్రకటన కనిపించేలా, వెబ్ చిరునామా, తేదీ పడేలా మొత్తం పేజీ స్క్రీన్‌షాట్లు తీయండి. వెబ్ పేజీల నకళ్లు దాచిపెట్టే వేబ్యాక్ మెషిన్ అనే సైట్‌లో ఆ పేజీని భద్రపరచండి, అది మీ కంప్యూటర్ బయట ఉండే రికార్డు. తర్వాత ఫొటోతోనే ఫొటోని వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లో, టిన్‌ఐలో మీ ఫొటో పెట్టి వెతకండి, ఇంకెక్కడెక్కడ ఉందో బయటపడుతుంది. ఒక్కోసారి ఆ వ్యాపారికి ఫొటో అమ్మింది మధ్యలో ఇంకొకరని తెలుస్తుంది. అలాంటప్పుడు మాట తీరు మారాలి, వాళ్లు కూడా మోసపోయినవాళ్లే కావొచ్చు.

విమర్శ కోసమో, చదువు కోసమో, వార్తలో భాగంగానో వాడే కొన్ని సందర్భాలకు చట్టమే మినహాయింపు ఇస్తుంది. మీది వ్యాపార ప్రకటన కాబట్టి వాళ్లకు ఆ దారి దొరకడం కష్టం. ఏం కావాలో ముందే తేల్చుకోండి: తీసేయడమా, పేరు వేయడమా, డబ్బా. మూడూ ఒకే మెయిల్‌లో కలగాపులగంగా అడిగితే, తీసేసి చేతులు దులుపుకుంటారు. డబ్బు కావాలంటే, అలాంటి వాడకానికి మీరు మామూలుగా ఎంత తీసుకుంటారో ఆ మొత్తానికి ఇన్‌వాయిస్ జతచేసి, గడువు తేదీ వేసి, మర్యాదగా రాయండి. నా అనుభవంలో బెదిరింపు భాష కంటే ఇన్‌వాయిస్‌కే త్వరగా జవాబు వస్తుంది.

పలకకపోతే, ఆ పేజీని తన సర్వర్లలో ఉంచి హోస్ట్ చేస్తున్న సంస్థకు తొలగింపు నోటీసు పంపండి. అమెరికా సంస్థలైతే ఆన్‌లైన్ కాపీరైట్ మీద 1998లో వచ్చిన డీఎంసీఏ చట్టం ప్రకారం దీనికి ఒక ఫారం పెట్టి ఉంచుతాయి. అందులో రాసేది నిజమని ప్రమాణపూర్వకంగా చెప్పాల్సిన భాగం ఉంటుంది, కాబట్టి మీ ఫొటోయేనని రూఢి చేసుకున్నాకే పంపండి. అవతలివాళ్లు ప్రతినోటీసు ఇస్తే, మీరు కోర్టుకు వెళ్లనిపక్షంలో 10 నుంచి 14 పని దినాల్లో అది మళ్లీ పైకి వస్తుంది. ఆ దశకు చేరితే లాయర్‌తో మాట్లాడండి. ఎప్పుడో చూసుకుందాంలే అని మాత్రం వదిలేయకండి: కాపీరైట్ దావా వేయడానికి అమెరికాలోనూ భారత్‌లోనూ గడువు మూడేళ్లే.